మామూ చేతిలో గన్

మా మామూ చేతిలో ఎప్పుడూ గన్ ఉండేది. భయపడకండి, రంగు కొట్టే గన్. ఆటోనగర్‌లో డెంటింగ్-పెయింటింగ్ షెడ్డు ఆయనది. ఆయన రంగేసిన కారు డోరులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ‘క్యా హాథ్ హై మియా’ అనేవాళ్లు అందరూ. నిజానికి ఆ హునర్‌లో సగం రంగు కొట్టకముందే ఉండేది.

ముందు కంప్రెషర్ ట్యాంకు అడుగున వాల్వు తిప్పి నీళ్లు వదిలేసేవాడు. గాలిలో చెమ్మ ఉంటే రంగు పాడవుతుంది. పెయింటు, హార్డ్‌నరు, థిన్నరు డబ్బా మీది లెక్క ప్రకారమే కలిపేవాడు, అందాజాగా కాదు. జాలీలో వడగట్టి కప్పులో పోసేవాడు. తర్వాత మూడు సంగతులు చూసుకోవాలి. గాలి ఎంత, రంగు ఎంత, ఫ్యాన్ వెడల్పు ఎంత. ఈ మూడింటికీ దోస్తీ కుదరాలి.

కుదిరిందో లేదో అట్టముక్క చెబుతుంది. దాన్ని గోడకి ఆనించి ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కాలి. మచ్చ పొడుగ్గా, అంతటా ఒకే చిక్కదనంతో పడితే సెట్టింగ్ సరిపోయినట్టే. నడుమ పలచబడి రెండు చివరలా లావెక్కితే గాలి ఎక్కువైంది, లేదా రంగు తక్కువైంది. నెలవంకలా ఒక పక్కకి ఒంగితే ఎక్కడో బెజ్జం మూసుకుపోయింది. అప్పుడు ఎయిర్ క్యాప్‌ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టేవాడు. నెలవంక కూడా అటు తిరిగితే చెత్త క్యాప్‌లో ఉంది, తిరగకపోతే నాజిల్‌లో. ‘చాంద్ ఆస్మాన్‌లో కనబడాలి బేటా, అట్ట మీద కాదు’ అని నవ్వేవాడు. థిన్నర్‌తో కడిగి పుల్లతో తీసేవాడు. ఇనప తీగ పెట్టనిచ్చేవాడు కాదు, బెజ్జం పాడవుతుందని.

ఇక చెయ్యి. రేకుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, మొదటి నుంచి చివరిదాకా అదే దూరం. మణికట్టు తిప్పితే నడుమ మందం, అంచుల్లో పలచన. అందుకే భుజం నుంచి చెయ్యంతా నడవాలి. డోరు అంచుకి ముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాక వదలాలి. ప్రతి వరసా ముందు వరసని సగం కప్పాలి. మరీ దగ్గరికెళ్లినా, ఒకచోట ఆగినా రంగు కారుతుంది. దూరమైతే పొడిపొడిగా పడుతుంది. గాలి చాలకపోతే బత్తాయి తొక్కలా తేలుతుంది. కోటుకీ కోటుకీ మధ్య సబర్ చేయాలి. అదే చాయ్ టైము.

ఇప్పుడు మామూకి దమ్మా. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే గొంతు డాక్టర్ మందు చల్లడానికి ఒక తుంపర పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో ఆ పద్ధతినే రంగుకి వాడి స్ప్రే గన్ తెచ్చాడు. గొంతుకి షిఫా ఇవ్వడానికి పుట్టిన వస్తువు మామూ ఊపిరి మీదికి వచ్చింది. కార్లకి వాడే టూ-ప్యాక్ రంగుల హార్డ్‌నరులో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి దమ్మా తెప్పించగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక కొంచెం సోకినా ఆయాసమొస్తుంది. మామూ ముక్కుకి కట్టుకున్న రుమాల్ వాటిని ఆపలేదు.

అందుకే ఆయన ఇప్పుడు గుమ్మం బయటే ఉండి షాగిర్ద్‌లకి చెబుతాడు. కార్ట్‌రిడ్జ్ మాస్క్, కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా గన్ ముట్టనివ్వడు. గాలి బయటికి లాగే ఫ్యాన్ తిరగాల్సిందే. వాసన రావట్లేదు కదా అంటే ఒప్పుకోడు, వాసన లేకపోయినా విషం ఉండొచ్చు. గడ్డం పెంచినవాళ్లకి రబ్బరు మాస్క్ మొహానికి గట్టిగా అతకదు, సందుల్లోంచి గాలి దూరుతుంది. సున్నత్ గడ్డం ఉన్న మన పిల్లలకి బయటి నుంచి సాఫ్ గాలి పంపే హుడ్ కావాలి. ఖరీదే. కానీ జాన్ అల్లా ఇచ్చిన అమానత్.

కొడుకుని షెడ్డుకి పంపేటప్పుడు మన అమ్మీలు ఉస్తాద్‌ని ఒకటే అడుగుతారు, ‘హఫ్తాకి ఎంతిస్తారు భాయ్?’ అని. ఇకమీదట ఇంకోటి కూడా అడగండి. ‘మా వాడికి మాస్క్ ఎక్కడ?’