వేరు మీద నా పేరు

చిరపుంజి అంటే నాకు చిన్నప్పటి భూగోళ పాఠంలోని వానే. 2019 అక్టోబరులో మా సివిల్ మిత్రబృందం టిర్నా గ్రామం నుంచి నాంగ్రియాట్‌కు దిగింది. 3,000 పైచిలుకు మెట్లు! తిరిగి ఎక్కేదెలాగన్న దిగులుతోనే దిగాం.

అడుగున రెండంతస్తుల వేళ్ళ వంతెన. రబ్బరు మర్రి వేళ్ళను దొలిచిన పోకమానుల గుండా అవతలి ఒడ్డుకు సాగదీసి ఖాసీలు పెంచినది. మనిషి బరువు మోయడానికి 15, 20 ఏళ్ళయినా పడుతుందట. 28 రోజులకు కాంక్రీటు బలం పరీక్షించే మాకు ఈ లెక్క మింగుడు పడితేనా?

చెప్పుకోడానికి సిగ్గే గాని చెప్పాలి. వాన తెరిపివ్వగానే చాకు తీసి ఓ వేరు మీద నా పేరు మొదటి అక్షరం చెక్కాను. తెల్లని పాలు బొటబొటా కారాయి. నుదుటి పట్టీకి బుట్ట తగిలించుకుని వస్తున్న ఓ అవ్వ ఆగింది. తిట్టలేదు. బొటనవేలితో పాలు తుడిచి, పక్కనే వేలాడుతున్న సన్నవేరును ఆ గాటు మీదుగా చుట్టి, కొస లోపలికి దోపి వెళ్ళిపోయింది.

మెట్లెక్కుతుంటే "ఏంరా, నోరు పడిపోయిందా?" అన్నారు మిత్రులు.

ఆయాసంరా, అన్నాను.