అంగడి ముంగిట బండ్ల తగవు



పూర్వము స్త్రీలు జగడమాడు చోటు నూతిగట్టని లోకులు పరిహాసమాడెడివారు. బిందె ముందు పెట్టిన దెవరు, చేద మొదట వేసిన దెవరు అను తగవులకు నూతిగట్టు సాక్షి. కొళాయిలు ఇంటింటికి వచ్చిన పిమ్మట ఆ తగవు సద్దుమణిగినది గాని, తగవులాడు బుద్ధి మనుష్యులను విడిచిపోలేదు. అది యిప్పుడు సూపర్ మార్కెటు ముందరి ఆవరణమునకు తరలివచ్చినది. ఈ మారు తగవులాడువారిలో పురుషులే యెక్కువ. స్త్రీలము కారులో కూర్చుండి చూచుచుందుము. లేదా స్కూటీ హేండిలు పట్టుకొని నిలుచుండి వినుచుందుము. ఇది స్వల్పవిషయమని కొందఱు త్రోసివేయుదురు. స్వల్పవిషయములే సంసారముల శాంతిని హరించునని ఇల్లాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పెద్దలు నేటికిని ఇందూరని పిలుచు మా నిజామాబాదు పట్టణమున కొన్ని సంవత్సరములుగ పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు వెలసినవి. బియ్యము, పప్పులు, నూనె, సబ్బులు, పిల్లల ఉడుపులు, అన్నియు నొక్క కప్పు క్రింద దొరకును. జీతములు చేతికి వచ్చు నెల మొదటివారమునను, ఆదివారపు సాయంకాలములందును, బతుకమ్మ, దీపావళి, రంజాను పండుగలకు ముందును జనము క్రిక్కిఱిసి యుందురు. పట్టణమువారే గాక బోధన్, ఆర్మూరు ప్రాంతములవారును కుటుంబములతో వత్తురు. బోధన్ నుండి వచ్చుట యనిన దాదాపు 25 కిలోమీటర్ల ప్రయాణము. అంత దూరము వచ్చినవారు చోటు దొరకలేదని తిరిగి పోలేరు గదా!

ఈ తగవునకు మూలము అట్టి అంగడి స్వభావమునందే యున్నది. కిరాణాకొట్టు పద్ధతి వేఱు. మనము చీటి వ్రాసి పంపిన, కొట్టువాడు సరకులు తూచి, పొట్లములు కట్టి, కుఱ్ఱవానిచేత ఇంటికి పంపెడివాడు. 1916 లో అమెరికా దేశపు మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అనునతడు ‘పిగ్లీ విగ్లీ’ యను అంగడిని తెఱచి, కొనువారే బుట్ట చేతబట్టి కావలసినవి తీసికొను పద్ధతిని ప్రవేశపెట్టెను. 1930 లో న్యూయార్కునందు ‘కింగ్ కల్లెన్’ అను పెద్ద అంగడి వెలసి, సరకులు రాసులుగ పోసి చౌకగ నమ్మెను. ఇట్టి అంగళ్లలో పనివాండ్ర కూలి మిగులును, వెల తగ్గును. కాని ఏరుకొనుటయు మోయుటయు కొనువారి పాలయ్యెను. 25 కిలోల బియ్యపు సంచిని నెత్తిన బెట్టుకొని ఇంటికి నడచుట యెవరి తరము? కావున అంగడికి పోవుటకు వాహనమును, వాహనము నిలుపుటకు తావును అవసరమైనవి. 1935 జూలై మాసమున ఆ దేశముననే ఒక్లహోమా నగరమందు వీథిలో బండి నిలిపినందులకు గంటకు 5 సెంట్లు గైకొను యంత్రమును మొదటిసారి నెలకొల్పిరి. నేల మీది చోటునకు గంటల లెక్కను వెల కట్టు కాలము అప్పుడే వచ్చినది.

మా యూర కార్లకంటె ద్విచక్రవాహనములే యెక్కువ. వాని బాధ వేఱు. ఒకదాని నొకటి తాకునట్లు నిలిపి, హేండిలునకు తాళము వేసి పోవుదురు. పిదప వచ్చినవారు వెనుక అడ్డముగ నిలుపుదురు. సంచులతో వెలుపలికి వచ్చిన స్త్రీ తన స్కూటీని చూచుచు నిలువవలసినదే గాని తీయజాలదు. అద్దము విఱిగినను రంగు గీచుకొనినను, అడిగిన నెవరికిని తెలియదు. కార్లవారు ద్విచక్రముల వరుసలో చొరబడుదురు. ద్విచక్రములవారు కారు నిలుపు చోట నాలుగు బండ్లు పెట్టి పోవుదురు. మఱికొందఱు ఇచ్చట బండి నిలిపి, వేఱొక వీథిలో పని చూచుకొని, రెండు గంటలకు మరలివత్తురు. వీరందఱి కోపమునకు గురియగువాడు ఈల పట్టుకొని యెండలో నిలుచు కావలివాడు. అతనికి ఎవరి బండిని ఆపు అధికారమును లేదు. అందఱి మాటలు పడు విధి మాత్రము కలదు.

మాటలు ఎంతవఱకు పోవునో మేము కన్నులార చూచితిమి. మా వారు ఉపాధ్యాయులు. గత సంవత్సరము బతుకమ్మ పండుగ మొదలగుటకు ముందరి ఆదివారము మేము కుటుంబముతో ఒక సూపర్ మార్కెటునకు పోతిమి. ఆవరణమంతయు నిండియుండెను. ఒక కుటుంబము సామాను సర్దుకొనుచుండుట చూచి, మా వారు కారు ప్రక్కదీపము వెలిగించి పది నిమిషములు వేచియుండిరి. ఆ కారు వెడలగనే ఎదుటి దిక్కునుండి మఱొక కారు వచ్చి ఆ చోట దూరెను. మా వారు దిగి, “అయ్యా, మేము ముందునుండి ఇచ్చట కాచుకొని యున్నాము” అనిరి. “చోటు మీ పేర వ్రాసియున్నదా?” అని ఆయన యడిగెను. మాటకు మాట పెరిగెను. వెనుకనున్న కార్లు హారనులు మ్రోగించెను. ఇంతలో ఆ కారు వెనుక తలుపు తెఱచుకొని దిగిన బాలుడు మా వారి శిష్యుడే! ఎనిమిదవ తరగతి చదువుచు, సెలవు దినములలో మా యింటికి లెక్కలు చెప్పించుకొన వచ్చుచుండినవాడు. ఒక వంక తండ్రి, ఒక వంక గురువు; ఇరువురి చేతులును గాలిలో ఉండెను. ఆ బాలుడు తల వంచుకొని మరల కారులోనికి పోయి కూర్చుండెను. సద్దుల బతుకమ్మ వఱకును వాడు మా గడప త్రొక్కలేదు.

ఆనాడు పూలు నీట విడుచుచోట వాని తల్లి మా చేయి పట్టుకొని, “అక్కా, వాడు ఇంట తండ్రితో మాటాడుట లేదు. సారుకు మొగము చూపలేనని మీ యింటికిని వచ్చుట లేదు” అని కంట నీరు పెట్టుకొనెను. మఱునాడు ఆమె కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. మా వారు ఆ సంగతి యెత్తక, లెక్కల పుస్తకము తెఱచిరి. తండ్రియు తరువాత వచ్చి కూర్చుండి, చాయ త్రాగి పోయెను. తెగిన దారము ముడివడినది గాని, దానికై ఇద్దఱు స్త్రీలు పూనుకొనవలసివచ్చినది. అన్ని తగవులకును ఇట్టి ముగింపు దొరకదు.

ఆదిపర్వమున కల్మాషపాదుని కథ చదివినవారికి ఇది క్రొత్త గాదు. ఇక్ష్వాకు వంశపు రాజు వేటాడి యలసి ఇఱుకు త్రోవను వచ్చుచుండ, వసిష్ఠుని కుమారుడు శక్తి యెదురుపడెను. త్రోవ తొలగుమని రాజు. నీవే తొలగుమని ముని. రాజు కొరడాతో కొట్టెను. ముని రాక్షసుడవు గమ్మని శపించెను. రాక్షసుడైన రాజు మొదట మ్రింగినది ఆ శక్తినే, పిదప అతని తమ్ములను. ఇరువురును గొప్పవారే, ఒక్క నిమిషము ప్రక్కకు తొలగుటకు ఇరువురికిని మనసు రాలేదు. ఇట్టి చిక్కు నెఱిగియే కాబోలు, ధర్మశాస్త్రకారులు త్రోవ విడువదగినవారిని లెక్కించి చెప్పిరి. వాహనమున పోవువాడు, కడు ముదుసలి, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, వీరి తరువాతనే ఆ వరుసలో రాజు పేరు వచ్చును.

ఈ పట్టుదల మన దేశపువారికే పరిమితము గాదు. 1997 లో అమెరికా పరిశోధకు లిరువురు అట్లాంటా ప్రాంతమున ఒక పెద్ద అంగడి ఆవరణమందు కార్లు చోటు విడుచు సమయమును లెక్కించి ప్రకటించిరి. ఎవరును వేచియుండనప్పుడు కారు తీయుటకు సగటున 32 సెకనులు పట్టెను. మఱొకరు వేచియున్న 39. వేచియున్నవారు హారను మ్రోగించిన దాదాపు 43. తాము వెడలిపోవుచున్న చోటే, తమకిక పనికిరాని చోటే. అయినను ఎవరో కోరుచున్నారనిన కాలు కదలదు! అందు మఱియొక విశేషము. వేచియున్నది ఖరీదైన కారైన పురుషులు త్వరగ తొలగిరట; స్త్రీలయందు అట్టి భేదము కానరాలేదట. హారను మ్రోగించి చోటు సంపాదింప జూచువారు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొందురు గాక.

మఱి దీనికి ఉపాయ మేమి? చోట్లు పెంచవలెనని యందఱును అందురు. 2012 నాటి భవననిర్మాణ నియమములు వాహనములకై స్థలము విడువవలెనని విధించియే యున్నవి. విడిచిన స్థలమున సరకుపెట్టెలు పేర్చక బండ్లకే యుంచిన కొంత మేలు కలుగును. కాని పండుగ పూట ఎంత చోటైనను చాలదు. మాకు తోచినంతలో ఈ తగవు చోటును గూర్చినది కాదు, వంతును గూర్చినది. చోటు లేనప్పుడు మనుష్యుడు వేచియుండగలడు. తన వంతు అపహరింపబడెనని తోచినప్పుడే వానికి ఒడలు మండును.

దీనికి బోధన్ ప్రాంతమే నిదర్శనము. 1937 లో స్థాపితమై 2015 లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమునకు చెఱకు బండ్లు బారులు తీరి వచ్చిన దినములను ఆ ప్రాంతపు పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. మా పెద్దత్తగారు ఆ వైపువారు. నఱికిన చెఱకు నిలువయున్న కొలది బరువును తఱుగును, చక్కెరయు తఱుగును. కావున ఒక పూట ఆలస్యమనిన రైతునకు నష్టమే. మన సూపర్ మార్కెటు త్వరకంటె ఆ త్వర యెన్ని మడుగులో ఎక్కువ. అయినను కాటావద్ద బండ్లు రాత్రియంతయు నిలిచియుండెడివట. “చీటి చేత నున్నవాడు బండి క్రింద గుడ్డ పఱచుకొని నిదురపోవును, చీటి లేనివాడే కేకలు వేయును” అని ఆమె చెప్పుచుండిరి. వంతు కంటికి కనబడిన ఓర్పు దానంతట అదియే వచ్చును.

మన ప్రభుత్వము రుసుము విషయమున కట్టుబాటు చేసినది. 2018 మార్చి మాసమున వెలువడిన 63 వ సంఖ్య గల ఉత్తరువు ననుసరించి, మాల్లయందును వాణిజ్యసముదాయములయందును మొదటి 30 నిమిషములకు ఎవరివద్దను రుసుము తీసికొనరాదు. గంటవఱకు కొనుగోలు రసీదు చూపిన చాలును. గంట దాటిన, రసీదు మొత్తము రుసుముకంటె మించియున్న ఏమియు నీయనక్కఱలేదు. రసీదును పాఱవేయక సంచిలో నుంచుకొనుడు. ఆవరణము నిండినదని రోడ్డుపై బండి విడుచువారు 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 122 వ సెక్షనును ఎఱుగవలెను. బహిరంగస్థలమున ఇతరులకు అపాయముగాని అడ్డంకిగాని కలుగునట్లు బండి నిలుపుట తప్పు. వంతును గూర్చి జర్మనీవారి మార్గనియమము చక్కగ నున్నది. ఖాళీ చోటును మొదట చేరినవారిదే హక్కు. వెనుకకు నడిపి నిలుపుటకై కొంచెము ముందుకు సాగినను ఆ హక్కు పోదు.

గత సంవత్సరపు సంగతి జరిగిన పిదప మా వీథి స్త్రీలము పదునొకండ్రము చేరి ఆ అంగడి మేనేజరునకు ఒక జాబు వ్రాసితిమి. ద్విచక్రములకు వేఱుగ గీతలు గీయింపుడు. లోనికొక దారి, వెలుపలికొక దారి ఉంచుడు. రద్దీ దినములలో ద్వారమువద్ద వరుససంఖ్య చీటి యిప్పింపుడు. ముదుసళ్లకును, గర్భిణులకును, నడువలేనివారికిని ద్వారము దాపున రెండు చోట్లు విడువుడు అని కోరితిమి. నెల తిరుగులోపల గీతలు గీయించిరి, రెండు చోట్లును విడిచిరి. చీటి పద్ధతి ఇంకను రాలేదు, మరల వ్రాయుదుము.

మన చేతిలో నున్న పనులును కలవు. నెల సామాను నొక్కసారి పండుగ పూట కొనక, పనిదినములలో ఉదయమున పోవచ్చును. ఇరుగుపొరుగువారు ఇద్దఱు కలిసి యొక కారులో పోయిన ఒక చోటు మిగులును. ఖాళీ చోట పిల్లవానిని నిలువబెట్టి కాపు పెట్టించుట కొందఱికి అలవాటు. అది మిక్కిలి అపాయకరము, దయచేసి మానుడు. సామాను సర్దిన వెంటనే చోటు విడువుడు. ఫోనులో మాటాడవలసినది ఇంట మాటాడుకొనవచ్చును. కావలివానిని “అన్నా” యని పిలిచి అడుగుడు. అతడును ఒక ఇంటి కుమారుడే. అన్నిటికంటె ముఖ్యముగ, బండి నడుపు మన పురుషులు కోపముతో తలుపు తీయబోవునప్పుడు, వెనుక సీటులో పిల్లలున్నారని మెల్లగ జ్ఞాపకము చేయుడు. ఆ పిల్లలు రేపు మన బండ్లను నడుపువారు. వంతు కొఱకు కాచుకొనుటయో, త్రోవకడ్డముగ నిలుచుటయో వారు ఇప్పుడే మనలను చూచి నేర్చుకొనుచున్నారు.