ఎన్‌ఫీల్డు తుపాకి జన్మపత్రిక

లండను నగరమునకు ఉత్తరపు కొసను 'లీ' యను చిన్న నది కలదు. దాని యొడ్డున నున్న ఎన్‌ఫీల్డు లాక్ అను చోటు చూడవలెనని నాకు చిరకాలముగ కోరిక. మన వీధులలో బిగ్గరగ మ్రోగుచు పోవు మోటారుసైకిలు పేరునకు మూలమీ యూరే. 1857వ సంవత్సరమున మన సిపాయిలు కొఱుక నిరాకరించిన తూటాలును ఎన్‌ఫీల్డు తుపాకివే.

మాకు బస యిచ్చిన వృద్ధురాలు గూడ నా వెంట వచ్చినది. ఆమె యింటి గోడపై పేలకుండ చేయించిన పాత రైఫిలొకటి వ్రేలాడుచుండును. "మా తాతగారు 1916లో సోమ్ యుద్ధమున మోసినది" అని వచ్చినవారి కెల్ల ఆమె చూపుచుండెడిది. దాని ఛాయాచిత్రములను సంచిలో వేసికొని బయలుదేరెను.

1816వ సంవత్సరమున నెలకొల్పిన ఆ ప్రభుత్వ కర్మాగారము 1988లో మూతపడినది. నేడచ్చట కాపురములున్నవి. గడియారపు గోపురముగల పాత యంత్రశాల మాత్రము నిలిచియున్నది. పూర్వము తుపాకి భాగములను పనివారు ఒక్కొక్కదానికి చేతితో సరిపుచ్చెడివారు. 1850 తరువాత అమెరికా యంత్రములు తెచ్చి, ఒకదాని భాగము మఱియొకదానికి పట్టునట్లు చేయసాగిరి. అందువలన పని సులువైనది కాని, ఏ భాగము మొదటిదో, ఏది మార్చినదో తెలిసికొనుట కష్టమైనది.

అచ్చట తుపాకుల చరిత్ర నెఱిగిన పెద్దమనుష్యు డొకడు మా చిత్రములను శ్రద్ధగ చూచెను. "అమ్మా, కఱ్ఱపిడి మొదట నున్న ఇనుపపట్టీపై కిరీటము, ఐదవ జార్జి అక్షరములు, ఎన్‌ఫీల్డు పేరు, 1918 అను సంవత్సరము నున్నవి. గొట్టముపై సంఖ్యయు, ఒడలిపై సంఖ్యయు నొక్కటే. బోల్టుపై సంఖ్య వేఱు. ఇది నిజమైన ఎన్‌ఫీల్డే; బోల్టు మాత్రము తరువాత మార్చినది" అనెను. ఖైబరు ప్రాంతమున చేతితో చేసిన నకళ్లు గూడ కలవట. వానిలో కొన్నిటిపై ఇంగ్లీషు 'ఎన్' అక్షరము కుడియెడమలు తారుమారై యుండును. 1901లో గతించిన విక్టోరియా రాణి ముద్ర ప్రక్కనే అటు తరువాతి సంవత్సరము చెక్కియుండును!

వృద్ధురాలు మాటాడలేదు. 1918లో పుట్టిన తుపాకి 1916 యుద్ధమున కెట్లు పోవును? పైగా సైనికులు తమ తుపాకులను సర్కారున కప్పగించి యింటికి పోవుట రివాజట.

మా అత్తగారి కెంపుల అడ్డిగలో ఒక రాయి మార్చినదని కంసాలి చెప్పిన దినమున ఆమె ముఖమును ఇట్లే వాడెను. కాని ఆమె అడ్డిగను పాఱవేయలేదు; ఏది పాతరాయో, ఏది క్రొత్తదో చూపి మఱి నాకిచ్చెను. ఈ మాట తిరుగు రైలులో వృద్ధురాలితో చెప్పితిని.

ఆమె కొంతసేపు కిటికీ వైపు చూచి, "మా తాతగారు సోమునకు పోయినమాట నిజము. ఆయన జాబులు నాయొద్ద నున్నవి. తుపాకిని మా తండ్రి యెక్కడనో కొని, ఆ కథ దీనికి తగిలించి యుండును, తండ్రిపై ప్రేమచేతనే" అనెను. ఇంటికి రాగానే చిత్రము వెనుక '1918. బోల్టు మార్చినది' అని వ్రాసి, దానిని మనుమరాలి చేతికిచ్చెను. జాబుల కట్టను గూడ ఆనాడే పెట్టెనుండి వెలికి తీసెను.

సోదరీమణులారా, మన పెట్టెలలోని వస్తువులకును కథలుండును. చెప్పగల పెద్దలుండగనే అడిగి వ్రాసియుంచుకొందము.