గేటు లేని దారి

గంటకు 285 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో కూర్చుంటే దగ్గరున్నవేవీ కంటికి ఆనవు. పట్టాల పక్కన గడ్డి, గోడ, స్తంభాలు అన్నీ కలిసిపోయి ఒకటే చార. దూరంగా ఉన్న కొండలు, ఊళ్లు మాత్రం నింపాదిగా కదులుతుంటాయి. అందుకే టోక్యో నుంచి క్యోటో వెళ్లే షింకన్‌సెన్ ఎక్కేవాళ్లు కుడివైపు కిటికీ సీటు కోసం ఆరాటపడతారు. ఫ్యూజీ పర్వతం కనిపించేది అటువైపే మరి! జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి కూడా, చూడటానికి వచ్చిన తండ్రికి ఏరికోరి ఆ సీటే తీసుకున్నాడు.

తండ్రి మాత్రం కిటికీలోంచి వెతికింది ఫ్యూజీని కాదు, లెవెల్ క్రాసింగ్ గేటుని.

ఆయన తెనాలి, బాపట్ల మధ్య వరిపొలాల్లో ఉన్న ఒక గేటు దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు గేట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. స్టేషన్ నుంచి ఫోన్ మోగితే గేటు వేయాలి. వేశానని చెప్పి నంబరు ఇవ్వాలి. పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. వందకు తగ్గని వేగంతో వచ్చే ఎక్స్‌ప్రెస్ ఆ గేటు దాటడానికి ఇరవై సెకన్లు. ఆ కాసేపట్లోనే ఏ చక్రం దగ్గరైనా పొగ వస్తోందా, బోగీ కింద ఏమైనా వేలాడుతోందా అని చూడాలి. తేడా కనిపిస్తే ఎర్రజెండా ఊపాలి. మిగతా సమయమంతా జనంతో తగువే. గేటు పడ్డాక కిందనుంచి సైకిలు దూర్చేవాళ్లు, ‘రైలింకా ఎక్కడో ఉందిలే బాబాయ్’ అంటూ పసిపిల్లతో సహా దాటేసేవాళ్లు... వాళ్ల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆ గొంతు అలాగే ఉండిపోయింది.

టోక్యో స్టేషన్లో ఎదుటి లైను చూడగానే ఆయన, ‘ఒరేయ్, ఈ పట్టాలు మనవాటికంటే ఇరుకురా’ అన్నారు. కొడుక్కి నమ్మకం కుదరలేదు. తీరా చూస్తే ఆయన మాటే నిజం. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, షింకన్‌సెన్‌ది 1,435. అంటే జానెడు తక్కువ!

రైలు బయల్దేరింది. ముప్పావుగంటకు ఫ్యూజీ వచ్చింది, రైల్లో అందరూ ఫోన్లు ఎత్తారు. షిజువోకా తేయాకు తోటలు, హమానా సరస్సు దాటాయి. నగోయా తర్వాత వరిమళ్లు మొదలయ్యాయి. అచ్చం మన డెల్టాలాగే ఉన్నాయి. రోడ్లన్నీ పట్టాల కిందనుంచో, పైనుంచో పోతున్నాయి గానీ ఒక్కటీ అడ్డంగా రాదు. ఒక్క గేటూ లేదు. మడిలో పనిచేసుకుంటున్న రైతు తలెత్తి కూడా చూడలేదు. నాలుగు వందల మీటర్ల పొడవున్న ఆ పదహారు బోగీల రైలు ఆయన్ని దాటడానికి అయిదు సెకన్లు చాలు.

‘మొదట్నుంచీ ఇంతే నాన్నా. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కి తొమ్మిది రోజుల ముందు ఈ లైను మొదలైంది. అప్పుడే 210 కిలోమీటర్ల వేగం. గేట్లు ఉంటే ఆ వేగం కుదరదని అసలు పెట్టనే లేదు. రైళ్లు గుద్దుకునో, పట్టాలు తప్పో ఇప్పటిదాకా ఒక్క ప్రయాణికుడు కూడా షింకన్‌సెన్‌లో చనిపోలేదు’ అన్నాడు కొడుకు.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తాను జీవితమంతా చేసిన పని అవసరమే లేని దారి అది. సంతోషించాలా, నొచ్చుకోవాలా? కాసేపటికి, ‘మరి లైను ఎవరు చూస్తార్రా?’ అని అడిగారు.

అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా ఇక్కడ ప్రయాణికుల రైళ్లు నడవవు. ఆ ఆరుగంటల్లోనే పనివాళ్లు పట్టాల మీదికి వస్తారు. లైను పరీక్షించి, అరిగినవి మార్చి, సరిచేసి, తెల్లవారేలోగా తప్పుకుంటారు. పగలు ప్రయాణం చేసేవాళ్లకు వాళ్ల జాడే తెలియదు. కొడుకు ఇదంతా చెబుతుంటే ఆయన మొహం విప్పారింది.

‘అయితే ఉన్నార్రా మనవాళ్లు!’ అన్నారు.

మన దగ్గరా గేట్లు తగ్గిపోతున్నాయి. కాపలా లేని లెవెల్ క్రాసింగులు బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 2019 నాటికే లేకుండా పోయాయి. కాపలా ఉన్నచోట్ల కూడా వంతెనలు కడుతున్నారు. 2017లో శంకుస్థాపన జరిగిన 508 కిలోమీటర్ల ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గమైతే ఎక్కువ భాగం వంతెనల మీదే పోతుంది. ఆయన పనిచేసిన గేటు కూడా మూసేశారు. ఇప్పుడక్కడ రోడ్డు పట్టాల కిందనుంచి పోతోంది. పసిపిల్లలతో వెళ్లేవాళ్ల మీద ఎవరూ అరవనక్కర్లేదు. ఒక ఉద్యోగం అలా ముగిసిపోవడం కంటే మంచిదేముంటుంది?

క్యోటోలో దిగాక కొడుకు సామాన్లతో ముందుకు నడిచాడు. రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీంచి చక్రాలు కనిపించవు. అయినా ఆయన కదలకుండా నిలబడి బోగీల కింది భాగాన్నే చూస్తున్నారు. చివరి బోగీ కిటికీలోంచి కండక్టర్ తల బయటపెట్టి ప్లాట్‌ఫాం గమనిస్తున్నాడు. అతను ఎదురుగా రాగానే, చేతిలో జెండా లేకపోయినా, ఆయన చెయ్యి పైకి లేచింది.

అంతా సవ్యంగానే ఉంది, వెళ్లమని.