డిజైన్ క్లాసుకు ముందే కట్టిన ఆసుపత్రి

యువజన సంఘాల నాయకులకు ఇప్పుడు 'మానవ కేంద్రిత డిజైన్' నేర్పుతున్నారు. ముందు మనిషి ఇబ్బంది వినాలి, ఆ తర్వాతే ప్లాన్ గీయాలి అన్నది అందులో మొదటి పాఠం. భిలాయి ప్రాంతపు గని కార్మికులకు ఇది కొత్తేమీ కాదు.

భిలాయి ఉక్కు కర్మాగారపు కొలిమికి ఇనుప ఖనిజం పంపే ఊరు దల్లీ రాజహరా. అక్కడి గని కార్మిక సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయారు. ఆ తర్వాత, శంకర్ గుహా నియోగి నడిపిన ఆ సంఘంలోని కార్మికులే చందాలు వేసుకుని, తమ చేతులతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1983లో తెరిచారు. 1977లో అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ల గుర్తుగా షహీద్ ఆసుపత్రి అని పేరు పెట్టారు.

బినాయక్ సేన్ లాంటి డాక్టర్లు బయటి నుంచి వచ్చారు. ఆరోగ్య కార్యకర్తల పని మాత్రం కార్మికులే నేర్చుకున్నారు. (డిజైన్ క్లాసుల్లోలా రంగురంగుల స్టిక్కీ నోట్లు అంటించకుండానే!)

నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలోనే కాల్చి చంపారు. ఆ తర్వాత కూడా ఆసుపత్రి మూతపడలేదు.