బేరం లేని అంగడి

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన పెద్దలు ఊరకే అనలేదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలిచినచోట ఒకరి లాభం మరొకరి నష్టంగా తోచుట లోకసహజం. అందుచేతనే మన దేశంలో బేరమాడుట ఒక విద్యగా వర్ధిల్లింది. లాడ్ బజారులో గాజులు కొనే గృహిణి, మోండా మార్కెట్టులో కూరలు ఏరుకొనే ముసలమ్మ ఈ విద్యలో ఆరితేరినవారు. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, నాలుగడుగులు వెళ్ళిపోయినట్లు నటించి, మళ్ళీ పిలిపించుకొని, చివరకు గుప్పెడు కొత్తిమీర కొసరుగా పుచ్చుకొని గాని వారు కదలరు.

ఇట్టి వాతావరణంలో పెరిగి, మన కళాశాలలో చదువు ముగించుకొని, పైచదువుల కోసం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేరిన నాకు, బేరమనే మాటకే తావులేని ఒక అంగడి మిక్కిలి ప్రీతిపాత్రమైంది. దాని పేరు ట్రేడర్ జోస్. అక్కడి తినుబండారాల రుచిని, వాటి వెనుకనున్న లెక్కను తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పవలెనన్న కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. రేపు మీలో ఎందరో ఇంటికి దూరంగా, పరిమితమైన పైకంతో, సొంతంగా వండుకొని బ్రతకవలసినవారే కదా!

ఈ అంగడిని స్థాపించినవాడు జో కూలోంబ్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు. 1958లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో కొన్ని చిల్లర దుకాణాలతో వ్యాపారం ఆరంభించి, పెద్ద సంస్థల పోటీకి తట్టుకోలేమని గ్రహించి, 1967లో పాసడీనా నగరంలో మొదటి ట్రేడర్ జోస్‌ను తెరిచాడు. దేశంలో కళాశాల చదువు విస్తరిస్తున్నదనీ, విమానయానం చవకై జనం దేశదేశాల రుచులు మరగబోతున్నారనీ ఆయన ముందే ఊహించాడు. చదువు ఎక్కువ, జీతం తక్కువ అయిన ఉపాధ్యాయులు, సంగీతజ్ఞులు, పత్రికా రచయితలు తన ఖాతాదారులని నిశ్చయించుకొన్నాడు. ఈ మాట చదివినప్పుడు, మన విద్యార్థులను ఆ జాబితాలో ఎందుకు చేర్చలేదా అని నాకు నవ్వు వచ్చింది! 1979లో ఆయన ఈ సంస్థను జర్మనీకి చెందిన ఆల్బ్రెక్ట్ కుటుంబానికి అమ్మి, 1988 వరకు తానే నడిపి, 2020లో కన్నుమూశాడు. నేడు అమెరికాలో దీనికి 500కు పైగా శాఖలున్నాయి.

ఇక బేరం లేకుండా చవక ఎట్లా సాధ్యమైంది? అక్కడి మామూలు పెద్ద దుకాణాలలో సుమారు 30,000 రకాల సరుకులుంటే, ఇక్కడ సుమారు 4,000 మాత్రమే. పది రకాల వేరుశనగ ముద్దకు బదులు రెండో మూడో ఉంటాయి; వాటినే పెద్దమొత్తంలో, తయారీదారు వద్దనే కొంటారు. అధికభాగం సరుకులు సొంత పేరుతోనే అమ్ముతారు గనుక ప్రకటనల ఖర్చు ధరపై పడదు. ఆ దేశంలో తమ సరుకును అరలలో కనిపించేచోట పెట్టించుకొనుటకు తయారీదారులు అంగడివానికి అద్దెవంటి రుసుము చెల్లించే ఆచారం ఉన్నది. దానిని ఈ సంస్థ పుచ్చుకోదు. తగ్గింపు చీటీలు లేవు, సభ్యత్వపు కార్డులు లేవు, పండుగ తగ్గింపులు లేవు. ధనికునికీ దరిద్రునికీ, నేర్పరికీ అమాయకునికీ ఒకే ధర. మన ఊళ్ళో కొన్ని దుకాణాలపై "ఏక్ దామ్" అని వ్రాసి ఉంటుందే, అదే సూత్రం.

విదేశం చేరిన ప్రతి విద్యార్థీ మొదట ప్రతి ధరనూ రూపాయలలోకి మార్చి చూచుకొంటాడు. మా ఇంటి కాగితాలు విద్యాఋణం కింద బ్యాంకులో ఉన్నాయి; వారానికి 45 డాలర్లకు మించి తిండికి ఖర్చు చేయరాదన్నది నా నియమం. పైకం మిగల్చడానికి ఒక పూట భోజనం మానుకొనే సహవిద్యార్థులను నేను చూచాను. కడుపు మాడ్చుకొని మిగిల్చినది పొదుపు కాదు. అది ఆరోగ్యం వద్ద చేసిన అప్పు. కనుక ఏది చవక, ఏది కాదు అని తెలుసుకొనుట మాకు వినోదం కాదు, అవసరం.

మొదట అరటిపండు సంగతి చెబుతాను. పూర్వం ఈ అంగడిలో పండ్లను తూచి, సంచులలో కట్టి అమ్మేవారట. విశ్రాంత జీవులుండే ఒక ఊరిలో ఒక వృద్ధురాలు సంచిని చేతిలోకి తీసుకొని, చూచి, తిరిగి పెట్టేసింది. సంస్థ అధిపతి ఎందుకమ్మా అని అడిగితే, నాలుగో పండు తినేదాకా తాను బ్రతికి ఉంటానో లేదోనని ఆమె బదులిచ్చిందట! ఆ మరునాటి నుండే విడిపండు అమ్మకం మొదలైంది. ఒక్క పండు 19 సెంట్లు. రెండు దశాబ్దాలకు పైగా ఆ ధర మారలేదు. 2024లో 23 సెంట్లు చేశారు. రూపాయలలో చూస్తే పండు దాదాపు 20 రూపాయలు. మన బండివాడు వింటే గుండె బాదుకొంటాడు. కాని గంట పనికి 16 డాలర్లకు పైగా కూలి ముట్టేచోట ఒక గంట శ్రమకు దాదాపు 70 పండ్లు వస్తాయి. ధరను కొలవవలసినది మారకపు రేటుతో కాదు, చెమటతో అని ఆ పండు నాకు బోధించింది.

గ్రుడ్ల కథ ఇంకా రమ్యమైనది. అమెరికాలో డజను పెద్ద గ్రుడ్లు కనీసం 24 ఔన్సులు తూగాలి. మరీ పెద్దవైతే 27 ఔన్సులు. 1960లలో ఒక వ్యాపారి వద్ద మరీ పెద్ద గ్రుడ్లు మిగిలిపోయాయి. కూలోంబ్ వాటిని తీసుకొని పెద్ద గ్రుడ్ల ధరకే అమ్మాడు. అంటే డజనుకు ఒకటిన్నర గ్రుడ్డు ఉచితం! మన ముసలమ్మ వాదించి సాధించే కొసరును ఈయన అడగకుండానే ఇచ్చాడన్నమాట.

నా వంటగదిలో మాత్రం పట్టాభిషేకం వేరుశనగ ముద్దకే. సీసా మీది చీటీలో రెండే మాటలు: వేరుశనగలు, ఉప్పు. దానిలో ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు చేర్చి నూరితే పల్లీ చట్నీ సిద్ధం! రొట్టెకు పూసుకొనే వస్తువును చట్నీగా మార్చినందుకు నా అమెరికా మిత్రుడు విస్తుపోయాడు. రుచి చూచిన పిదప గిన్నె ఖాళీ చేశాడు. ఇక మంచుపెట్టెలో మలబారు పరోటాలు, వెల్లుల్లి నాన్‌లు దొరుకుతాయి. అవి మన దేశంలోనే తయారై, గడ్డకట్టి, సముద్రం దాటి వచ్చినవి. పరీక్షల రాత్రులలో పెనం మీద పరోటా పొరలు విడుతుంటే ఆ వాసనకు హాస్టలు గదులన్నీ మేలుకొంటాయి.

రంజాను మాసంలో మా గదిలో మెడ్జూల్ ఖర్జూరం తప్పనిసరి. బేగంబజారు ఖర్జూరాలతో పెరిగినవారికి ఆ పండు పరిమాణమే ఆశ్చర్యం కలిగిస్తుంది. 1927లో మొరాకో ఖర్జూర తోటలకు తెగులు సోకినప్పుడు వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 11 పిలకలను తన దేశానికి తెచ్చాడు, 9 బ్రతికాయి. నేడు కాలిఫోర్నియా ఎడారిలో ఫలిస్తున్న మెడ్జూల్ తోటలకు అవే మూలం. పరాయి నేలలో వేళ్ళూనిన ఆ చెట్టు పండుతో ఉపవాసం విరమించేటప్పుడు, ఇల్లు విడిచివచ్చిన విద్యార్థికి ఏదో ధైర్యం కలుగుతుంది.

అయితే అన్నీ అక్కడ దొరకవు. సోనామసూరి బియ్యం, గోంగూర పచ్చడి కావాలంటే భారతీయ దుకాణానికే పోవలె. జంతువుల నుండి తీసే జెలటిన్ వంటి పదార్థాలు మిఠాయిలలో ఉండవచ్చు గనుక, ఆహార నియమాలు పాటించేవారు ప్రతి చీటీనీ చివరిదాకా చదవవలె. చవకతనానికీ ఒక వేలంవెర్రి ఉన్నది. 2024లో ఈ అంగడి 2.99 డాలర్లకు ఒక చిన్న గుడ్డసంచిని అమ్మితే జనం బారులు తీరారు. కొందరు దానినే ఎన్నోరెట్ల ధరకు తిరిగి అమ్మారు. మన నాన్నగార్లు నలభై ఏళ్ళుగా చంకన పెట్టుకొని తిరిగిన సంచికి అంత యోగమా!

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి. నాకు చవకైన వస్తువు వెనుక మరెవరైనా మూల్యం చెల్లిస్తున్నారా? ఫ్లోరిడా రాష్ట్రంలోని ఇమొకలీలో టమాటాలు కోసే వలస కూలీలు తమకు పౌండుకు ఒక్క సెంటు అదనంగా దక్కాలనీ, పొలాలలో మర్యాద కావాలనీ ఉద్యమించారు. వారికి తోడుగా విద్యార్థులు, మతపెద్దలు ఈ అంగడుల ముందే నిలిచి నిరసన తెలిపారు. చాలాకాలం ససేమిరా అన్న సంస్థ 2012 ఫిబ్రవరిలో ఒడంబడికపై సంతకం చేసింది. నా అభిమాన దుకాణమైనా ఆ ఒక్క సెంటు ఆలస్యంగానే ఇచ్చిందని చెప్పక తప్పదు. కొనేవారు మౌనంగా ఉంటే ఆ మాత్రమూ ఇచ్చేది కాదేమో!

మిత్రులారా! బండిమీద కూరలమ్ముకొనే అవ్వ వద్ద రెండు రూపాయలకు గంటసేపు వాదించి, వెలుగుల అంగడిలో చెప్పిన ధర తలవంచుకొని చెల్లించేది మనమే. బలవంతుని వద్ద లేని నోరు బలహీనుని వద్ద ఎందుకు? ధర తగ్గించుకొనుట మాత్రమే నేర్పు కాదు. చీటీ చదువుట, తూకం చూచుట, అవసరమైన దానిని ఎంచుకొనుట, శ్రమించినవాని వాటా అతనికి చేరినదా అని అడుగుట, ఇవన్నీ కలిసినదే మంచి బేరం. చదువుకొన్నవారి చేతిసంచిలో సరుకులతోపాటు ఆ వివేకమూ ఉండుగాక!