మా యింటి కంప్యూటరుకు కొత్త మెదడు

2018లో నాన్నగారు వాయిదాల మీద కొన్న కంప్యూటరు మా ముందు గదిలో, కుట్టుమిషను ప్రక్కనే వున్నది. పగలు అది మా చదువులకు, రాత్రివేళ వారి దర్జీ దుకాణపు లెక్కలకు. అందులోని ప్రాసెసరు నాలుగు కోర్ల రైజెన్ 3 1200. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో మా దానికి చోటు లేదు. యంత్రమంతా మార్చవలసినదేనన్నారు తెలిసినవారు. అంత సొమ్ము మాకెక్కడిది?

విచారించగా ఒక సంగతి తెలిసింది. మా బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే గూడు ఏఎమ్4 సాకెట్టు. 2022లో వెలువడిన రైజెన్ 5 5600 కూడా అందులోనే ఇముడుతుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. అయినా పాతదాని వలెనే 65 వాట్ల తరగతిదే. ఏటేటా పాతవి పారవేయించే ఈ రోజులలో అన్ని తరాలకు ఒకే గూడు నిలిపినవారిని మెచ్చుకోవలసిందే. (మా బీ350 వంటి తొలినాటి బోర్డులకు ఆ భాగ్యం 2022లో గాని పట్టలేదు, అది వేరు సంగతి.) ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లి దానిని కొని తెచ్చాను.

అసలు భయం అక్కడినుండి మొదలయింది. కొత్త చిప్పును బోర్డు గుర్తించాలంటే, ముందుగా పాత చిప్పుతోనే బయాస్ అనే మూల ప్రోగ్రామును మార్చుకోవాలి. ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. మాకు యూపీఎస్ లేదు. లెక్కలన్నీ పెన్‌డ్రైవులో దాచి, తెల్లవారుజామున నాలుగింటికి కూర్చున్నాను. నాన్నగారు తెర వంక చూడలేదు; పైన తిరిగే ఫ్యాను వంకే చూస్తూ కూర్చున్నారు.

ఆ గండం గడిచింది. ఆ సంతోషంలో తొందరపడ్డాను. కూలరు తీసే ముందు యంత్రాన్ని కొంతసేపు నడిపి, పేస్టు వేడెక్కి మెత్తబడిన తర్వాత మెల్లగా అటూ యిటూ త్రిప్పాలి. నేను నిటారుగా లాగాను. ఎండిపోయిన పేస్టుకు అంటుకొని, గూటి మీట వేసి వుండగానే పాత చిప్పు ఊడి వచ్చింది. దాని అడుగున 1331 పిన్నులు. ఒక వరుస ఒంగిపోయింది. ఆ చిప్పును, ప్రాసెసరు చెడిపోయిన ఒక సహపాఠికి యిస్తానని నేను మాట యిచ్చివున్నాను.

నాన్నగారు ఏమీ అనలేదు. కళ్లద్దాలు పెట్టుకొని, మిషను దీపం క్రింద, సన్నని సూది మొనతో ఒక్కొక్క పిన్నునే నిలబెట్టసాగారు. ఆ లోపల నేను కొత్తదానిని అమర్చాను. మీట నొక్కిన తర్వాత తెర చాలాసేపు నల్లగానే వుండి, పిమ్మట వెలిగింది. వారు తలెత్తలేదు, ఇంకా నాలుగు పిన్నులు మిగిలి వున్నాయట.

మరునాడు పాత చిప్పును మిత్రుని యింటికి తీసుకొనిపోతుంటే, నాన్నగారు ఆ సూదిని కూడా కాగితంలో చుట్టి యిచ్చారు, దారిలో మళ్లీ ఒంగితే పనికి వస్తుందని.